నమ్మోరు

ఆటో నెత్తిన రెండు మైకు కొమ్ములు కట్టుకోని
ఆదోని సందులన్నీ తిరగబట్టి ఇరవై రెండేండ్లాయె.
మైకు హుస్సేనప్ప ఇల్లెక్కడంటే
పత్తి యార్డు హమాలీలు కూడా మూట దించకుండానే
గడ్డంతో దారి చూపిస్తారు.

కాగితం ఎవురిచ్చినా చదువుతా.
కాగితం మారితే మంది మారరు. పిలుపు మారతాది.

నీళ్లు మూడు దినాలు రావంటే
"పురప్రజలకు విజ్ఞప్తి."
అదే వీధి, అదే కొళాయి, అవే బిందెలు
ఇంటిపన్ను కట్టకపోతే "బకాయిదారులు",
రేషన్ చీటీలో "లబ్ధిదారులు".
శ్రావణంలో ఉరుకుందకు బస్సులేస్తే
"భక్తమహాశయులారా" అని గొంతు రొంత మెత్తగ చేస్తా.
ఓట్లప్పుడు "అక్కలారా, అన్నలారా".
అన్నేండ్లు అరిసినా నాకు ఒక్కరూ చెల్లెలు కాలా.

ఓట్లయిపోయినాక
ఆ అక్కలే ఖాళీ బిందెలు రోడ్డుకడ్డం పెట్టి కూచుంటే
స్టేషన్ నుంచి వచ్చిన చీటీలో ఇట్లుండాది:
"గుమిగూడిన వ్యక్తులు తక్షణమే చెదిరిపోవలెను."
చదివినా.
మూడో వరసలో మా ఇంటామె ఉండాది.
లేయలేదు. నా తట్టు చూసిందంతే.
ఆ రాత్రి సంగటి గిన్నె నా ముందర పెట్టి
"వ్యక్తీ, తిను" అనింది.

మిరపకోతల కాలమొస్తే
మా తట్టు పల్లెలకు పల్లెలు తాళాలేసుకుంటాయి.
ఆ పొద్దు రైలు స్టేషన్ బయట మూడు నూర్ల మంది,
దుప్పటి మూటలు, జొన్నరొట్టెల గుడ్డలు,
కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు.
ఆ సందట్లో పాప తప్పిపోయింది.
పోలీసాయన నా ఆటోలోకి ఎత్తిచ్చినాడు.
నాలుగేండ్లుంటాయేమో. ఒక కాలికే పట్టీ.

మీ నాయన పేరేంది పాపా?
"అప్పా."
మీ ఊరు?
"ఊరు."
యాడికి పోతాండారు?
"బండికి."
మరి నీతో ఎవురొచ్చినారు?
"నమ్మోరు."

చీటీ నా చేతిలో పెట్టినారు:
"వలస కూలీలకు తెలియజేయునది ఏమనగా..."
రెండుసార్లు చదివినా, గొంతు చించుకోని.
ఒక్క తల తిరగలా.
తిరగరు మరి.
పొద్దన్నే ముఖం కడుక్కుంటా
నేను వలస కూలీని అని ఎవురనుకుంటారు?
ఆ మాట వాళ్ల చెవుల పక్కనే పోయింది,
ఆగని రైలు మాదిరి.

చీటీ మడిచి సీటు కింద పెట్టినా.
మైకులో ఊదలా, దగ్గలా.
"నమ్మోరు యాడుండారప్పా?
ఒక పాప మీకోసం అడుగుతాంది."

లేసినారు.
మూటల మింద కూచున్నోళ్లు, మూటలకానుకోని నిద్రపోయినోళ్లు,
టీ గ్లాసు సగంలో వదిలినోళ్లు.
లెక్క రాసుకుంటాన్న మేస్త్రీ పెన్ను చెవిలో పెట్టుకోని లేసినాడు.
లేయాల్సిన పని లేని పోలీసాయన కూడా ఒకడుగు ముందుకేసి
ఎందుకేసినానా అని బూట్లు చూసుకున్నాడు.
అందరి చేతులూ పిల్లల్ని తడుముకుంటాండాయి,
ఉన్నారా, ఉన్నారా అని.

వాళ్లమ్మ ఆ చివర్నుంచి పరిగెత్తుకోనొచ్చింది.
పిల్లను ముందు ఒక్కటేసింది, తర్వాత ఎత్తుకునింది.
రెండో కాలి పట్టీ ఆమె కొంగుముడిలో ఉండాది.
తక్కినోళ్లు మాత్రం చానాసేపు కూచోలా.

కన్నడంలో ఆ మాటకు మనోళ్లని అర్థం.
తెలుగు చెవికి నమ్మినోళ్లని తగులుతాది.
సరిహద్దులో పుట్టినోణ్ణి,
రెండూ ఒకటేనని పొరబడే హక్కు నాకుండాది.

తెల్లారి మళ్లీ "పురప్రజలకు విజ్ఞప్తి."
నీళ్లు రావు. చదివినా.

నా బిల్లు పుస్తకంలో ఒక గీతుంటాది:
ప్రకటన ఎవరి తరఫున, అని.
స్టేషన్ తరఫున అని రాయాల్సింది ఆ పొద్దు.
పెన్ను పెట్టి, తీసి, ఖాళీగా వదిలేసినా.
మూడొందలు.
ఇంకా రాలా.